పాత జీపు స్టీరింగ్ వదులైతే ముందు దాని గేర్ల బాక్స్ బిగించాలా, చక్రాలకు కలిపే జాయింట్లు చూడాలా?

సునాబెడ జీపు:
నాన్నగారి పాత మహీంద్రా ఎంఎం 540, 1992 మోడల్. పవర్ స్టీరింగ్ లేదు. మూడు వేళ్ల వెడల్పు తిప్పినా ముందు చక్రం కదలట్లేదు. మేస్త్రీ బాక్స్ మీద స్క్రూ బిగిస్తే చాలంటున్నాడు. బావేమో జాయింట్లన్నీ మార్చమంటున్నాడు. పై వారం సాలూరు వెళ్లాలి, సుంకి ఘాట్ దిగాలంటే టెన్షన్‌గా ఉంది. ముందు ఏది చేయించాలి?

జయపురం లారీ:
బాక్సే బిగించండి. లాక్ నట్ వదులు చేసి, స్క్రూ పావు రౌండు తిప్పి, మళ్లీ నట్ బిగించడం పది నిమిషాల పని. జాయింట్లు విప్పడం మొదలుపెడితే బండి రెండు రోజులు షెడ్‌లోనే. ఇరవై ఏళ్లుగా మేం చేస్తున్నది ఇదే.

కొరాపుట్ ఘాట్ డ్రైవర్:
అన్నా, మీ అనుభవం పెద్దదే. కానీ ఘాట్ దిగే బండికి, చూడకుండా ఈ మాట చెప్పకండి.

నాలుగేళ్ల క్రితం నా జీపుకీ ఇలాగే బిగించారు. తిన్నని రోడ్డు మీద కొత్త బండిలా అనిపించింది. సుంకి దిగుతూ ఒక మలుపులో కుడికి కోశాను. మలుపు అయిపోయినా స్టీరింగ్ దానంతట అది వెనక్కి రాలేదు. ఎదురుగా లోడు లారీ ఎక్కుతోంది. రెండు చేతులతో బలంగా లాగితే గానీ తిరగలేదు. కిందికి వచ్చి బండి ఆపాక కూడా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

బండి ఎక్కువగా తిన్నగానే నడుస్తుంది కాబట్టి బాక్స్ లోపలి పళ్లు మధ్యలోనే ఎక్కువ అరుగుతాయి. అరిగిన చోటికి సరిపోయేలా బిగిస్తే, అరగని పక్కల్లో పట్టేస్తుంది. అది తెలిసేది మలుపులోనే.

తమ్ముడూ, ఇంజన్ ఆపి, చక్రాలు నేల మీదే ఉంచి, ఒకరిని స్టీరింగ్ కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడించమను. నువ్వు కింద కూర్చుని చూడు. డ్రాప్ ఆర్మ్ (బాక్స్ నుంచి బయటికి వచ్చే చేయి) కదిలి డ్రాగ్ లింక్ (దాన్ని చక్రాల వైపు కలిపే కడ్డీ) కదలకపోతే ఆ రెంటి మధ్య జాయింట్ పోయినట్టే. బాక్స్ మొత్తం ఛాసిస్ మీద కదులుతుంటే దాని బోల్టులు చూడాలి. తర్వాత చక్రం జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపు. ఆడితే ఒకరిని బ్రేక్ తొక్కమను. అప్పుడు ఆట ఆగిపోతే చక్రం బేరింగ్, ఆగకపోతే కింగ్ పిన్ (చక్రం అటూ ఇటూ మళ్లడానికి ఆధారమైన పిన్ను) అరిగినట్టు.

జయపురం లారీ:
పట్టేసే మాట నిజమే, ఒప్పుకుంటాను. కానీ స్టీరింగ్ తిరుగుతూ డ్రాప్ ఆర్మ్ కదలకపోతే తప్పు బాక్స్‌దే కదా! అప్పుడైనా బిగించాలి. డ్రాగ్ లింక్ విప్పి, స్టీరింగ్ సరిగ్గా మధ్యలో పెట్టి కొంచెం కొంచెంగా బిగిస్తూ, ప్రతిసారీ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూసుకోవాలి. ఎక్కడైనా బరువెక్కితే వెనక్కి వదలాలి.

కొరాపుట్ ఘాట్ డ్రైవర్:
అలా చేస్తే నాకు అభ్యంతరం లేదన్నా. నా బండికి ఇవేవీ చూడకుండా ఒక్క పట్టున తిప్పేశారు.

సునాబెడ జీపు:
ఈ రోజు బావ స్టీరింగ్ ఆడిస్తుంటే నేను కింద పడుకుని చూశాను. డ్రాప్ ఆర్మ్ వెంటనే కదులుతోంది, డ్రాగ్ లింక్ ఆగి ఆగి కదులుతోంది. అక్కడి జాయింట్ రబ్బరు చిరిగి, లోపల గ్రీజుకు బదులు ఎర్రమట్టి ముద్దలా ఉంది. వేలు పెడితే ఆట తగులుతోంది. కింగ్ పిన్‌లో ఏమీ లేదు. ఆ ఒక్క జాయింటే మార్చమన్నాను. స్క్రూ ముట్టుకోవద్దని మేస్త్రీకి గట్టిగా చెప్పాను. కొత్త జాయింట్ నట్‌కు అది ఊడకుండా ఆపే స్ప్లిట్ పిన్ కూడా నా ఎదుటే వేయించుకుంటాను.