పాత పత్రికలకు సూచిక తయారుచేస్తే అది పరిశోధన అవుతుందా?

గోదారిగట్టు: ఎం.ఏ. తెలుగు రెండో ఏడు చదువుతున్నాను. మా ఊరి సాహితీ సంస్థ గ్రంథాలయంలో బీరువాల నిండా పాత పత్రికలున్నాయి. వాటికి రచయితల వారీగా, శీర్షికల వారీగా సూచిక తయారుచేస్తే దాన్నే ప్రాజెక్టుగా తీసుకుందామని మా శాఖలో కొందరంటున్నారు. మిగతావాళ్లు ససేమిరా అంటున్నారు. మీరేమంటారు?

తెలుగుమాస్టారు: నేనూ ఒప్పుకోను. అది గుమాస్తా పని. ఉన్నదే రెండేళ్లు. ఒక కావ్యాన్నో కవినో పట్టుకుని, తనకంటూ ఒక ప్రశ్న వేసుకుని జవాబు వెతకడం నేర్చుకోవలసిన కాలం. పేర్లూ పేజీ నంబర్లూ ఎక్కిస్తూ కూర్చుంటే పిల్లలకు ఏం ఒంటబడుతుంది? సంస్థలకు మనుషులు లేకపోతే ఆ లోటు విద్యార్థులతో పూడ్చడం న్యాయం కాదు.

పాతకాగితం: మాస్టారూ, చివరి మాట నిజం. మొదటిది కాదు. నేను ఏళ్ల తరబడి ఈ పనిలోనే ఉన్నాను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి 'భారతి' 1924 జనవరిలో మొదలైంది. అప్పుడు నడుస్తున్నది రుధిరోద్గారి సంవత్సరం. అది 1923 ఉగాదికి వచ్చి 1924 ఉగాది దాకా ఉంది. ఆ కాలపు సంచిక ఏదైనా అట్ట ఊడిపోయి, తెలుగు ఏడూ నెలా మాత్రమే మిగిలిందనుకోండి. 'రుధిరోద్గారి అంటే 1923' అని రాసేస్తే మాఘ ఫాల్గుణాల సంచికలు ఏడాది వెనక్కి పోతాయి. ఎవరి కథ ముందు వచ్చిందన్న లెక్కలన్నీ తారుమారు. ఇక కలంపేర్లు, పొడి అక్షరాలు! అవి ఎవరివో తేలాలంటే మిగతా సంచికలు, లేఖలు, సంపుటాల పీఠికలు అన్నీ తిరగెయ్యాలి. ఇది పరిశోధన కాక మరేమిటి?

కడప చదువరి: ఎం.ఏ.లో ఉన్నప్పుడు ఒక సంస్థ కోసం నలుగురం వేసవంతా కార్డులు రాసినాం. పుస్తకం అచ్చయినాక చూస్తే 'కొందరు విద్యార్థులు సహకరించారు' అని ఒక్క వాక్యం. మా పేర్లు లేవు. బస్సు చార్జీలు కూడా మావే. దాదాపు రెండొందల ఏళ్ల కిందట మా కడపలోనే బ్రౌన్ దొర పండితులను కూర్చోబెట్టి, తాళపత్రాలు సరిచూయించి శుద్ధప్రతులు రాయించినాడు. తన సొంత డబ్బుతో వాళ్లకు జీతాలిచ్చినాడు. ఈ పనికి అప్పుడే కూలి కట్టిచ్చిన ఊరు మాది.

తెలుగుమాస్టారు: రుధిరోద్గారి సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ అలా తేల్చాల్సినవి వందకు ఎన్నుంటాయి? మిగతాది ఎక్కించడమేగా. ఎక్కడెక్కడ ఏం తేల్చారో, ఎలా తేల్చారో సూచికతోపాటు ఓ ముప్పై పేజీల వ్యాసం రాయమనండి. అప్పుడు నేను సంతకం పెడతాను.

పాతకాగితం: సరే మాస్టారూ. ఆ వ్యాసం సంస్థ వేసే పుస్తకంలోనే, రాసినవాళ్ల పేర్లతో రావాలి. గోదారిగట్టు గారూ, పని మొదలుపెట్టకముందే ఆ మాట కాగితం మీద రాయించుకోండి.

గోదారిగట్టు: సోమవారం శాఖ సమావేశం. పేర్ల సంగతీ, చార్జీల సంగతీ, వ్యాసం సంగతీ రాసి తీసుకెళ్తున్నాను. మొన్న ఒక బీరువా తెరిచాం. పైనున్న సంచికకు అట్ట లేదు, అంచులు ముట్టుకుంటే రాలుతున్నాయి. లోపల 'మాఘము' అని మాత్రం ఉంది. ముందు దాని ఏడు తేల్చాలి.