పెద్ద బొటానికల్ గార్డెన్: నాలుగు గంటల్లో ఏది ముందు, ఏది తర్వాత?

ప్రశ్న (ఆకుపసరు):
వచ్చే ఆదివారం బొటానికల్ గార్డెన్‌కి వెళ్తున్నాం. మోకాళ్ళ నొప్పులున్న అమ్మ, ఎనిమిదేళ్ళ పాప కూడా వస్తున్నారు. మ్యాప్‌లో కొలను, గ్లాస్‌హౌస్‌లు, ఔషధ మొక్కల మళ్ళు, పెద్ద చెట్ల తోపు అన్నీ ఎక్కడెక్కడో ఉన్నాయి. ఉన్నది నాలుగు గంటలు. ఏ వరసలో చూడాలి? మొక్కల దగ్గర పెట్టిన పేర్ల రేకుల మీద అంకెలేమిటి? గ్లాస్‌హౌస్‌లో కెమెరా మసకబారుతుందట, ఏం చేయాలి?

తామరతూడు:
మ్యాప్ వరస వదిలేసి పూల వేళల్ని బట్టి నడవండి. గేటు తీయగానే కొలను దగ్గరికి పోవాలి. తామర తెల్లవారుతూనే విచ్చుకుని ఎండ ముదిరేసరికి ముడుచుకుంటుంది. రాత్రి పూసిన కలువలు పొద్దున ఇంకా తెరిచే ఉంటాయి, పగటి కలువలు అప్పుడప్పుడే విచ్చుకుంటుంటాయి. మూడూ ఒకేసారి కనబడేది ఆ కాసేపే.

పాపకి తేడా చూపాలంటే ఆకు చాలు. కాడ మీద నీళ్ళకి పైన నిలబడి, చీలిక లేకుండా గుండ్రంగా ఉంటే తామర. నీళ్ళ మీద పరుచుకుని, అంచు నుంచి కాడ దాకా చీలి ఉంటే కలువ.

పళ్ళెంలా అంచు లేచిన పెద్ద ఆకులుంటే అది విక్టోరియా అనే రాకాసి కలువ. వాన నీళ్ళు జారిపోవడానికి ఆ అంచులో గండి ఉంటుంది, చూడండి. ఆకు అడుగున ముళ్ళు, చెయ్యి పెట్టనివ్వకండి. దీని పువ్వు మొదటి సాయంత్రం తెల్లగా తెరుచుకుంటుంది. లోపలికి దూరిన పెంకు పురుగుల్ని మూసేసి మర్నాడు పగలంతా అలాగే ఉంచుకుంటుంది. రెండో సాయంత్రం గులాబీ రంగుకి తిరిగి, వాటికి పుప్పొడి అంటించి వదులుతుంది. పగలు మీకు కనబడేది మూసుకున్న పువ్వే, మొగ్గ అనుకుని దాటిపోకండి.

గాజుగది:
వేడిగా, తేమగా ఉండే గ్లాస్‌హౌస్‌ని పదకొండు లోపు ముగించండి. గాజులోంచి దిగిన ఎండ వేడి లోపలే ఉండిపోతుంది, మధ్యాహ్నం పెద్దవాళ్ళు తట్టుకోలేరు. నేల తడిగా, పాచిగా ఉంటుంది, అమ్మగారికి పట్టున్న చెప్పులు తప్పనిసరి. ఎడారి మొక్కల గది పొడిగా ఉంటుంది, దాన్ని తర్వాత చూసినా ఫర్వాలేదు.

కెమెరా మసకబారేది చల్లటి లెన్స్ మీద తేమ గాలి నీరవడం వల్ల. ఏసీ కారులోంచి దిగి నేరుగా లోపలికి వెళ్తే ఖాయం. జిప్ కవర్లో పెట్టి 15, 20 నిమిషాలు బయటి వేడికి అలవాటు పడనివ్వండి. తుడిస్తే లాభం లేదు, లెన్స్ వేడెక్కేదాకా మళ్ళీ పడుతుంది. లోపల లెన్స్ మార్చడం మాత్రం వద్దే వద్దు, తేమ కెమెరాలోకి దిగుతుంది.

రేకుపేరు:
అంకె ఆ మొక్క రిజిస్టరు నంబరు. చాలా తోటల్లో మొదటి నాలుగంకెలు అది తోటకి చేరిన సంవత్సరం, మిగతావి ఆ ఏటి వరస సంఖ్య. 19870432 అంటే 1987లో వచ్చిన 432వది. చివర 'ఏసి' (-aceae) అని ముగిసే పేరు కుటుంబానిది: ఫాబేసి అంటే చిక్కుడు కుటుంబం. శాస్త్రీయ నామం పక్కన 'ఎల్.' ఉంటే ఆ పేరు పెట్టింది స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్. అలాగని పేరుని గుడ్డిగా నమ్మకండి, చింతచెట్టుకి ఆయన 'ఇండికా' అని పెట్టాడు గాని దాని పుట్టిల్లు ఆఫ్రికా. పేర్ల మధ్య గుణకారం గుర్తుంటే సంకర జాతి.

ఫోటోలు తీసేటప్పుడు ముందు రేకు, తర్వాత మొక్క. ఈ వరస తప్పితే ఇంటికొచ్చాక ఏ పేరు దేనిదో తేలదు.

తామరతూడు:
ఒకటి మరిచాను. బ్యాటరీ బండి ఉందేమో గేటు దగ్గరే అడగండి. కొలను చూశాక బండిలో తోట ఆ చివరికి వెళ్ళి, గేటు వైపు నడుచుకుంటూ రండి. అలసిపోయే వేళకి గేటు దగ్గర పడుతుంది. ఎండ వేళ చెట్ల తోపులో గడపండి.

గాజుగది:
పాప రాలిన గింజలు ఏరుతుంటే ఓ కన్నేసి ఉంచండి. గురివింద గింజ నమిలితే విషం, ఎర్రగా ముద్దుగా ఉంటుంది కాబట్టి పిల్లల చెయ్యి ముందు దాని మీదకే పోతుంది. జెముడు పాలు కంట్లో పడితే వెంటనే నీళ్ళతో చాలాసేపు కడిగి, డాక్టరుకి చూపించండి.