ఏడీహెచ్‌డీ పిల్లాడికైతే క్లాసులు మాకెందుకు?

పెసరట్టు: మా వాడికి ఏడేళ్లు. ఐదు లైన్ల చేతిరాతకి కూర్చోబెడితే రాత్రి తొమ్మిదవుతుంది. ఈలోపు రబ్బరు సగం కొరికేస్తాడు, మంచినీళ్లకని నాలుగుసార్లు లేస్తాడు. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవక, కుదురుగా ఉండలేకపోయే సమస్య) అని తేల్చిన డాక్టరు మందుతో పాటు ‘తల్లిదండ్రులకు శిక్షణ, 8 శనివారాలు’ అని రాశారు. అంటే తప్పు నా పెంపకానిదేనా? ఆ మాట మా అత్తగారు ఫీజు లేకుండానే అంటున్నారు.

నిక్కచ్చి: శిక్షణ అంటే శిక్ష కాదండీ. ఇది పెంపకం వల్ల వచ్చేది కాదు, చాలావరకు వంశపారంపర్యం. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం ఆరేళ్ల లోపు వాళ్లకి మందుకన్నా ముందు చెప్పేది ఈ శిక్షణే. ఆరు దాటితే రెండూ. ‘బట్టలు మార్చుకో, బాక్సు సింకులో వెయ్యి, పుస్తకాలు తియ్యి’ అని గుక్కతిప్పుకోకుండా చెప్పడం మాని ఒక్కో పనీ చెప్పాలి. చెయ్యగానే మెచ్చుకోవాలి. ఇలాంటివే నేర్పుతారు.

చిన్నక్క: చాక్లెట్లు మానిపించి చూడండి. మా కాలంలో ఇవేం లేవు.

నిక్కచ్చి: చక్కెర వల్ల పిల్లల ప్రవర్తన మారదని అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసి 1995లోనే తేల్చారు. మీ కాలంలోనూ ఈ పిల్లలు ఉన్నారు, బెంచీ ఎక్కించేవారు.

చిన్నక్క: మా తమ్ముణ్ణి ఎక్కించారు. ఇప్పుడు బాగానే ఉన్నాడు. చక్కెర సంగతి మాత్రం నేను ఒప్పుకోను.

పెసరట్టు: చక్కెర గొడవ తర్వాత. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకి సర్వీసు మొత్తంలో 730 రోజుల చైల్డ్ కేర్ లీవు ఉంది. నాది ప్రైవేటు. 2016 దివ్యాంగుల చట్టం జాబితాలో 21 వైకల్యాలున్నాయి. ఆటిజం ఉంది, ఏడీహెచ్‌డీ లేదు. ఏ సర్టిఫికెట్ పట్టుకుని హెచ్‌ఆర్‌ని శనివారం సెలవు అడగను?

నిక్కచ్చి: జాబితా సంగతి నిజమే. దానికని క్లాసు మానేస్తారా? మా పాపకీ ఇదే. మందు షెడ్యూల్ ఎక్స్‌లో, అంటే గట్టి నియంత్రణ ఉన్న మందుల జాబితాలో ఉంది, చీటీ రెండు ప్రతులు కావాలి. స్టాకున్న షాపు కోసం ఊరంతా తిరిగాను. ఓపిక పట్టాలండీ. క్లాసుల తర్వాత మా ఇంట్లో అరుపులు తగ్గాయి.

పెసరట్టు: క్లాసులకి మీరు వెళ్లారా?

నిక్కచ్చి: మా ఆవిడ వెళ్లింది. నోట్సు తెస్తే చదివాను. నాకు శనివారం ఆఫీసు.

పెసరట్టు: నాకూ ఆఫీసే.

నిక్కచ్చి: విషయం పక్కదారి పడుతోంది.

పెసరట్టు: చీటీలో ‘తల్లిదండ్రులకు’ అనే ఉందండీ. మా ఆయన అది మొత్తం చదివి, మడతపెట్టి నా హ్యాండ్‌బ్యాగులో పెట్టారు.