కార్నెల్‌కి ఈడీ వేయాలా, ఈఏలతో సరిపెట్టుకోవాలా?

ఎడిసన్ నాన్న: మా అమ్మాయి 12వ గ్రేడ్, కంప్యూటర్ సైన్స్ చదువుతానంటోంది. కార్నెల్‌కి ఎర్లీ డెసిషన్, అదే ఈడీ, వేద్దామంటున్నాను. సీటొస్తే చేరి తీరాలి, మిగతా అప్లికేషన్లు వెనక్కి తీసుకోవాలి. మా ఆవిడేమో పర్డ్యూ, ఇల్లినాయ్, జార్జియా టెక్‌లకి ఎర్లీ యాక్షన్, అదే ఈఏ, చాలు, సీటొచ్చినా మే 1 దాకా ఆలోచించుకోవచ్చు అంటోంది. గడువు దగ్గరపడింది. ఏం చేయమంటారు?

ప్లేనో పెద్దాయన: కళ్లు మూసుకుని ఈడీ వేయండి. తర్వాత మామూలు గడువులో వేసే రెగ్యులర్‌తో పోలిస్తే ఈడీలో సీటొచ్చే శాతం ఎక్కువ. మావాడికి స్కూల్ కౌన్సెలర్ "తొందరెందుకు" అని రెగ్యులర్‌లో వేయించింది. వాడికంటే తక్కువ మార్కులవాడు ఈడీలో కొట్టేశాడు. ఆ మంట ఇంకా చల్లారలేదు.

కాఫీ తాగుతూ: ఆ శాతంలో కోచ్‌లు ముందే ఎంచుకున్న ఆటగాళ్లు, పూర్వ విద్యార్థుల పిల్లలూ కలిసే ఉంటారండీ. వాళ్లని తీసేస్తే మనవాళ్లకి మిగిలే లాభం చాలా తక్కువ.

ప్లేనో పెద్దాయన: తక్కువైనా లాభం లాభమే కదా!

సన్నీవేల్ అత్త: మా కాలిఫోర్నియా ప్రభుత్వ యూనివర్సిటీలకి, అదే యూసీలకి, ఈ ఎర్లీ గొడవే లేదు. హాయి.

జార్జియా బాబాయ్: అసలు రెండూ వేయొచ్చు కదా. ఈడీ ఒక్కచోటే, ఈఏలు ఎన్నైనా. ప్రైవేటు కాలేజీల్లో ఇంకోచోట ఎర్లీ వేయకూడదన్నది హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్‌ల రూలు. కాకపోతే కార్నెల్ జవాబు డిసెంబర్ మధ్యలో వస్తుంది. వేరే రాష్ట్రం పిల్లలకి జార్జియా టెక్, ఇల్లినాయ్ జవాబులు జనవరిలో. కార్నెల్ రమ్మంటే వాటి ఫీజు చూడకుండానే వదిలేసుకోవాలి. మీ ఆవిడ భయం అదే అయ్యుంటుంది.

కాఫీ తాగుతూ: "చేరి తీరాలి" అన్నది కూడా సరికాదు. వాళ్లిచ్చే ఎయిడ్, అంటే ఫీజు సాయం, చాలకపోతే వదులుకోవచ్చు.

ప్లేనో పెద్దాయన: వదులుకోవడానికి ఈడీ దేనికి? డబ్బుల్లేనివాళ్లు కార్నెల్ లాంటి ఐవీ లీగ్ కాలేజీల జోలికి వెళ్లకూడదు.

కాఫీ తాగుతూ: మాట జాగ్రత్త అండీ. మీరు సిటిజన్, ఇల్లు తీరిపోయింది. అందరూ మీలా ఉండరు.

ఎడిసన్ నాన్న: గొడవ పడకండి. మేం ఇంకా హెచ్1బీ వర్క్ వీసాలోనే ఉన్నాం. పాపది దాని మీద వచ్చే డిపెండెంట్ వీసా, హెచ్4.

జార్జియా బాబాయ్: ఇది మొదట్లోనే చెప్పాల్సింది బ్రదర్! హెచ్4కి ఫెడరల్ ఎయిడ్, అంటే అమెరికా ప్రభుత్వ సాయం, రాదు. కార్నెల్ లెక్కలో ఆమె ఇంటర్నేషనల్. వాళ్ల విషయంలో ఎయిడ్ అడిగారా లేదా అన్నది అడ్మిషన్ అప్పుడే చూస్తారు. ఐవీల్లో మెరిట్ స్కాలర్‌షిప్‌లూ లేవు.

ఎడిసన్ నాన్న: ఎయిడ్ అడగను. ఇంటి మీద లోన్ తీస్తాను. ఒక్కటే డౌట్, ఈడీ అగ్రిమెంట్ మీద తల్లిదండ్రుల్లో ఒకరి సంతకం సరిపోతుందా?

సన్నీవేల్ అత్త: ఓహో.

కాఫీ తాగుతూ: మీది సరిపోతుంది. కానీ అమ్మాయి సంతకం కూడా ఉంటుంది. తనేమంటోంది?

ఎడిసన్ నాన్న: పర్డ్యూ అంటోంది. రోబోటిక్స్ టీమ్‌లో ఫ్రెండ్ అక్కడికే వెళ్తోందట. పదిహేడేళ్ల పిల్లకి ఏం తెలుసు? ఇన్నేళ్లు గ్రీన్‌కార్డు క్యూలో నిలబడింది పర్డ్యూ కోసమా?

జార్జియా బాబాయ్: పర్డ్యూ అంటే అంత చులకనా? నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చదివింది అక్కడే.

ప్లేనో పెద్దాయన: ఆయన ఇంజినీరింగ్ వేరు, మన సీఎస్ వేరు. తండ్రిగా గట్టిగా ఉండండి.

కాఫీ తాగుతూ: ఇందాకటి నుంచి ఈడీ, ఈఏ అని కొట్టుకుంటున్నాం. ఇది మీ ఇంట్లో తేలాల్సిన పంచాయితీ. ఇద్దరు ఆడవాళ్లు వద్దంటున్న కాగితం మీద సంతకం పెట్టడానికి మా ఓట్లు అడుగుతున్నారు.

ఎడిసన్ నాన్న: మీకు ఆడపిల్ల ఉందా? ఉంటే మాట్లాడండి.

కాఫీ తాగుతూ: ఇద్దరు. పెద్దది స్టేట్ యూనివర్సిటీలో చదివి ఉద్యోగం చేసుకుంటోంది.

సన్నీవేల్ అత్త: అగ్రిమెంట్‌కి స్కూల్ కౌన్సెలర్ సంతకం కూడా కావాలి. వాళ్లకి చెప్పారా?

ఎడిసన్ నాన్న: ఇంకా లేదు.