ఈజీటీ సెన్సార్: మార్చేయాలా, మీటరు పెట్టి చూడాలా?

సుంకి_ఘాట్: మాది బీఎస్6 లారీ, కోరాపుట్ – సాలూరు లైను. ఇంజిన్ లైటు వెలిగింది, స్కానర్‌లో పీ0546 అనే తప్పు కోడు. ఈజీటీ, అంటే ఎగ్జాస్ట్ పొగ వేడి కొలిచే సెన్సార్ పోయిందని షెడ్డులో కొత్తది వేశారు. ఘాట్ దిగి మళ్లీ ఎక్కేసరికి అదే లైటు, అదే కోడు. బండి లాగడం లేదు. ఇంకొకటి వేద్దామంటున్నారు. వేయించాలా?

రాయగడ_వైరింగ్: వద్దు. పీ0546 అంటే సెన్సార్ పోయిందని కాదండీ, ఆ సర్క్యూట్‌లో వోల్టేజి హద్దు దాటిందని. వైరు తెగినా, పిన్ను వదులైనా ఇదే కోడు. సెన్సార్ కనెక్టర్ పీకి, ఈసీఎం (ఇంజిన్ కంప్యూటర్) వైపు రెండు పిన్నుల్నీ చిన్న వైరు ముక్కతో కలిపి స్కానర్ చూడండి. వేడి అంకె ఒక్కసారిగా మారిపోతే వైరింగ్ బాగున్నట్టే, తప్పు సెన్సార్‌ది. కదలకపోతే వైరింగ్‌లోనో ఈసీఎంలోనో ఉంది. సెన్సార్ పీటీ200 రకమైతే, అంటే వేడితో పాటు కరెంటుకు అడ్డు (ఓమ్స్) పెరిగేదైతే, చల్లటి ఇంజిన్ మీద ఆ ఓమ్స్ కూడా కొలవచ్చు, 220 దాకా రావాలి.

జయపురం_షెడ్డు: 220 ఎక్కడిది సార్? పొద్దున్నే కొత్త ప్యాకెట్ విప్పి కొలిస్తే 208. కొత్తదే పాడా?

రాయగడ_వైరింగ్: 220 పాతిక డిగ్రీల దగ్గర. సున్నా దగ్గర 200. మీ కొండ మీద పొద్దున పది డిగ్రీలుంటే 208 సరిగ్గా సరిపోయింది.

జయపురం_షెడ్డు: ముందు 220 రావాలన్నారు, ఇప్పుడు 208 కూడా సరే అంటున్నారు. రేపు 190 అన్నా సరేనంటారేమో.

గుణుపూర్_చిన్నోడు: మా బావ సెన్సార్ బదులు రెసిస్టర్ పెట్టించి లైటు ఆర్పేశాడు. హాయిగా తిరుగుతున్నాడు.

రాయగడ_వైరింగ్: తిరుగుతాడు, కొన్నాళ్లు. డీపీఎఫ్‌లో, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌లో, మసి కాలాలంటే 600 డిగ్రీల దాకా వేడి కావాలి. రెసిస్టర్ ఎప్పుడూ ఒకే అంకె చెబుతుంటే ఈసీఎంకి లోపల ఏమవుతోందో తెలీదు. మసి నిండి బండి ఆగిపోవచ్చు, వేడి ఎక్కువై ఫిల్టర్ పగలనూ వచ్చు.

పర్లాకిమిడి_ఓనర్: నా అనుభవం వినండి. సెన్సార్లు మార్పించి మార్పించి జేబు ఖాళీ అయ్యాక, ఇంజెక్టర్ కారుతోందని తేలింది. నిజంగానే వేడి ఎక్కువైంది, సెన్సార్ చెప్పింది నిజమే. మెకానిక్కులంతా ఒకటే.

రాయగడ_వైరింగ్: అది వేరే కోడు అయ్యుంటుంది. 0546తో కలపకండి.

పర్లాకిమిడి_ఓనర్: కోడు ఏదైతేనేం, డబ్బు నాదే కదా పోయింది?

జయపురం_షెడ్డు: అందరూ ఒకటేనా? అయితే వినండి. మీటరు పట్టుకుని బండి కింద గంటసేపు పడుకుని వైరు చూస్తే ఒక్క ఓనరూ కూలి ఇవ్వడు. “చూడ్డానికీ డబ్బులా?” అంటాడు. పార్టు వేస్తే మాత్రం బిల్లు కడతాడు. విజయనగరం నుంచి పార్టు వచ్చేదాకా లోడు ఆగిందని గంటకోసారి ఫోన్ చేసేదీ ఆయనే. మాకు టెస్ట్ చేయడం రాక కాదు.

పర్లాకిమిడి_ఓనర్: ఆ మాట ముందే చెప్పండి. టెస్టుకి ఇంత అని అడగండి, ఇస్తాం. అడక్కుండా తప్పు పార్టు అంటగడితే ఎలా? విప్పాక షాపువాడు వెనక్కి తీసుకోడు.

జయపురం_షెడ్డు: అడిగితే పక్క షెడ్డుకి పోతారు. చూశాం.

రాయగడ_వైరింగ్: అందుకని ఊహ మీద పార్టులు మారుస్తారా?

జయపురం_షెడ్డు: మీరొచ్చి ఊరికే చేసిపెట్టండి మరి.

సుంకి_ఘాట్: పిన్నులు కలిపి చూశాం, అంకె కదల్లేదు. వైరు పట్టుకుని వెళ్తే షాసీ క్లిప్పు దగ్గర దొరికింది. పైన టేపు చెక్కుచెదరలేదు గానీ లోపల రాగి పచ్చగా చిలుం పట్టి తెగి ఉంది. అతికించాక లైటు రాలేదు, ఘాట్ కూడా ఎక్కేసింది. పాత సెన్సార్ బాగానే ఉందట.

జయపురం_షెడ్డు: సంతోషం. వైరు వెతికిన కుర్రాడికి ఎంతిచ్చారు?

సుంకి_ఘాట్: టీ ఇప్పించానన్నా.