ఆర్మీ ఆఫీసర్ బాగా పనిచేయాలంటే అసలు ఏం కావాలి?

మా తమ్ముడు చెన్నై ఓటీఏలో (ఆర్మీ ఆఫీసర్ల ట్రైనింగ్ అకాడమీ) ట్రైనింగ్ అయ్యి లెఫ్టినెంట్‌గా ఫీల్డ్ పోస్టింగ్‌కి వెళ్ళాడు. ఫిట్‌నెస్ ఉంటే చాలు అంటాడు వాడు, నాకైతే నమ్మకం లేదు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

రిటైర్డ్ సుబేదార్: ఫిట్‌నెస్ అందరికీ ఉంటది బాబూ. నా సర్వీసులో ఒక కుర్ర లెఫ్టినెంట్ సాబ్ రాత్రి రెండింటికి టార్చ్ పట్టుకుని సెంట్రీ పోస్టుకి వచ్చి, కాపలా వాడి గ్లౌజు తడిసిందని చూసి తనది తీసిచ్చాడు, ఆ తర్వాత ఆయన మాటకి ఎదురు చెప్పినోడు లేడు. సీనియర్ జేసీవోల (జవాన్లకీ ఆఫీసర్లకీ మధ్య ఉండే నాలాంటి సుబేదార్ల) మాట వినమనండి, సగం పని అక్కడే అయిపోద్ది.

నల్లట్రంకుపెట్టె: ఇంటి సంగతి ఎవరూ రాయరేంటి? మా ఆయన ఆఫీసరే, రెండు మూడేళ్ళకోసారి సామాను సర్దుడు, పిల్లల స్కూలు మార్పు. ఇంట్లో జ్వరం ఉంటే పోస్టు మీద మనసెక్కడ నిలుస్తుందండీ. సియాచిన్ లాంటి బాగా ఎత్తైన చోట అయితే నిద్ర పట్టదు, ఆకలి వేయదు, అది ఒంటి తప్పు కాదు, గాలిలో ఆక్సిజన్ తక్కువ.

గుంటూరోడు: ఏసీఆర్ (పై ఆఫీసర్ ఏటా రాసే రిపోర్టు, ప్రమోషన్‌కి చూసేది) మర్చిపోయారు. లెఫ్టినెంట్ కల్నల్ దాకా ప్రమోషన్ సర్వీసు లెక్కన వస్తది, 13 ఏళ్ళకి, కల్నల్‌కి మాత్రం సెలెక్షన్ బోర్డు, పోస్టులు తక్కువ. అక్కడ ఆగిపోయాక కూడా అదే ఊపుతో పనిచేసేవాళ్ళకి దండం పెట్టాలి.

అడిగినవాడు: థాంక్సండీ, గ్లౌజు మాట వాడికి ఫార్వర్డ్ చేశా.