హిలరీ బెన్ రాజకీయ జీవితం: ఇంటిపేరు ఎంత, స్వయంకృషి ఎంత?

ప్రశ్న

బ్రిటన్‌లో 2024 జూలైలో లేబర్ పార్టీ అధికారంలోకి రాగానే ఉత్తర ఐర్లాండ్ వ్యవహారాల మంత్రిగా బాధ్యతలు చేపట్టిన హిలరీ బెన్ గురించి కొంతకాలంగా చదువుతున్నాను. ఆయన తండ్రి టోనీ బెన్ రెండు లేబర్ ప్రధానుల కింద మంత్రిగా పనిచేశారు. తాత విలియం వెడ్జ్‌వుడ్ బెన్ 1929 నుంచి 1931 వరకు, అంటే లార్డ్ ఇర్విన్ వైస్రాయిగా ఉన్న రోజుల్లో, లండన్‌లో భారత వ్యవహారాల మంత్రి. ముత్తాత జాన్ బెన్ కూడా పార్లమెంటు సభ్యుడే. ఇలాంటి ఇంట్లో పుట్టినవారు మంత్రి కావడంలో వింత లేదని మొదట అనుకున్నాను. కానీ 2010లో పదవి పోయిన పద్నాలుగేళ్లకు, డెబ్బై ఏళ్ల వయసులో, అదే వ్యక్తిని మళ్లీ కేబినెట్‌లోకి పిలిచారంటే దానికి ఇంటిపేరు ఒక్కటే కారణమై ఉండదనిపిస్తోంది. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం

ఇంటిపేరు తలుపు తెరిచి పెట్టి ఉంటే ఆయన పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభలో అడుగుపెట్టడానికి నలభై అయిదేళ్ల వయసు వచ్చేదాకా ఆగవలసిన అవసరం ఉండేది కాదు. కార్మిక సంఘంలో పరిశోధనాధికారిగా పనిచేస్తూ, 1979 నుంచి ఇరవై ఏళ్లపాటు లండన్‌లోని ఈలింగ్ బరో కౌన్సిలర్‌గా ఉన్నారు. ఈలింగ్ నార్త్ నుంచి 1983లోనూ 1987లోనూ పార్లమెంటుకు పోటీ చేసి రెండుసార్లూ ఓడిపోయారు. 1997లో లేబర్ ప్రభుత్వం ఏర్పడ్డాక విద్యాశాఖ మంత్రి డేవిడ్ బ్లంకెట్‌కు ప్రత్యేక సలహాదారుగా చేరారు. చివరికి 1999 జూన్‌లో లీడ్స్ సెంట్రల్ ఉపఎన్నికలో గెలిచారు. ఆ ఉపఎన్నికలో పోలింగ్ ఇరవై శాతం కూడా దాటలేదు కాబట్టి అది ఘనవిజయమని ఎవరూ అనలేరు.

ఆ తరువాత ఎదుగుదల వేగంగానే సాగింది. 2001లో అంతర్జాతీయ అభివృద్ధి శాఖలో, ఆ పై ఏడాది హోం శాఖలో సహాయమంత్రిగా పనిచేసి, 2003 అక్టోబరులో అంతర్జాతీయ అభివృద్ధి శాఖకు కేబినెట్ మంత్రి అయ్యారు. 2007లో పార్టీ ఉపనాయక పదవికి పోటీ చేసి నాలుగో స్థానంలో నిలిచినా, కొత్త ప్రధాని గోర్డన్ బ్రౌన్ ఆయనకు పర్యావరణ, ఆహార, గ్రామీణ వ్యవహారాల శాఖను అప్పగించారు. దక్షిణ ఇంగ్లండ్‌లోని సౌత్ డౌన్స్ కొండప్రాంతాన్ని జాతీయ ఉద్యానవనంగా చేయాలన్న 2009 నాటి నిర్ణయం ఆయన హయాంలోనిదే. ఈ నిదానమైన శాఖాపరమైన పనికి పత్రికల్లో పెద్దగా చోటు దక్కలేదు గానీ, ఆయన మీద పార్టీకి కలిగిన నమ్మకానికి పునాది ఇక్కడే పడిందని నా అభిప్రాయం.

రెండవ సమాధానం

పై వివరాలన్నీ నిజమే. అయినా తండ్రి నీడ ఆయన మీద లేదనడం సరికాదు, ఎందుకంటే దేశమంతా ఆయనను శ్రద్ధగా విన్న రోజు ఆ నీడ వల్లే అంత బరువెక్కింది. 2015 డిసెంబరు 2న సిరియాలో ఐసిస్ స్థావరాలపై వైమానిక దాడులకు అనుమతి కోరుతూ ప్రధాని డేవిడ్ కామెరాన్ ప్రవేశపెట్టిన తీర్మానంపై రోజంతా చర్చ జరిగింది. లేబర్ నాయకుడు జెరెమీ కార్బిన్ దానిని వ్యతిరేకించారు. అయితే పార్టీ సభ్యులకు విప్ జారీ కాలేదు. ప్రతిపక్షం తరఫున చర్చను ముగించవలసిన షాడో విదేశాంగ మంత్రి (అంటే ప్రతిపక్షంలో ఆ శాఖ వ్యవహారాలు చూసే నాయకుడు) బెన్, రాత్రి పదింటి వేళ లేచి, తన నాయకుడి వైఖరికి విరుద్ధంగా దాడులను సమర్థించారు.

ఆ ప్రసంగాన్ని ఆయన మొదలుపెట్టిన తీరు గమనించదగింది. తీర్మానాన్ని వ్యతిరేకించేవారిని ఉగ్రవాద సానుభూతిపరులని కామెరాన్ అన్నట్టు అప్పటికే వార్తలు వచ్చాయి. బెన్ ముందుగా ఆ మాటను ఖండించి, కార్బిన్ నిజాయితీపరుడనీ సూత్రబద్ధుడనీ సభాముఖంగా చెప్పి, ఆ తరువాతే ఆయనతో విభేదించారు. ఫాసిజాన్ని ఎదిరించడానికి 1930లలో స్పెయిన్ వెళ్లిన విదేశీ స్వచ్ఛంద సైనికుల దళాలైన అంతర్జాతీయ బ్రిగేడ్లను గుర్తుచేస్తూ ముగించగానే, చప్పట్లు కొట్టడం ఆనవాయితీ కాని ఆ సభలో చప్పట్లు మోగాయి. తీర్మానం 397-223 ఓట్లతో నెగ్గింది. ఇదే సభలో 1998 ఫిబ్రవరిలో టోనీ బెన్, 1940లో లండన్‌పై కురిసిన బాంబులను తలచుకుంటూ, ఇరాక్‌పై దాడి ప్రతిపాదనను గట్టిగా ఎదిరించారు. నేను సైనిక చర్యను సమర్థించేవాణ్ని కాను, కుమారుడి వాదనతో ఏకీభవించను కూడా. అయినా ఎదుటివారి గౌరవాన్ని కాపాడుతూ విభేదించడంలో తండ్రీకొడుకులిద్దరిదీ ఒకే సంప్రదాయమని మాత్రం ఒప్పుకుంటాను.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మరి 2016 నుంచి 2024 వరకు ఆయన ఏం చేశారు? అంతర్జాతీయ అభివృద్ధి, పర్యావరణ శాఖలు చూసినవారికి ఉత్తర ఐర్లాండ్ శాఖ ఇవ్వడం స్థాయి తగ్గించినట్టు కాదా?

మూడవ సమాధానం

2016 జూన్‌లో కార్బిన్ ఆయనను షాడో కేబినెట్ నుంచి తొలగించారు. అదే ఏడాది ఆయన బ్రెగ్జిట్, అంటే యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ వైదొలగే వ్యవహారాలను పరిశీలించే పార్లమెంటు సెలెక్ట్ కమిటీకి అధ్యక్షుడయ్యారు. 2019 సెప్టెంబరులో, ఒప్పందం కుదరకపోతే వైదొలగే గడువు పొడిగించమని ప్రధాని యూరోపియన్ యూనియన్‌ను అడిగి తీరాలనే బిల్లును ఆయన పేరు మీదే ప్రవేశపెట్టారు. ప్రభుత్వం వ్యతిరేకించినా అది చట్టమైంది. బోరిస్ జాన్సన్ దాన్ని లొంగుబాటు చట్టం అన్నారు గానీ, వాడుకలో బెన్ చట్టమనే పేరే నిలిచింది. ప్రభుత్వంలో ఏ పదవీ లేని సభ్యుడొకరు ప్రధాని చేత ఇష్టం లేని పని చేయించగలగడం మామూలు విషయం కాదు.

ఇక ఇప్పటి శాఖ విషయానికి వస్తే, అక్కడి వైద్యం, విద్య వంటివి బెల్‌ఫాస్ట్‌లోని స్థానిక ప్రభుత్వం చూసుకునే మాట నిజమే. కానీ బ్రెగ్జిట్ తరువాత ఆ ప్రాంతానికి వర్తించే వాణిజ్య నిబంధనలు క్లిష్టమైనవి కాబట్టి, ఆ కమిటీలో గడించిన అనుభవం ఇక్కడ నేరుగా అక్కరకొస్తుంది. ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌లో ఉండాలా, ఐర్లాండ్‌తో కలవాలా అనే వివాదంపై దశాబ్దాలు సాగిన హింసలో ఆప్తులను కోల్పోయిన కుటుంబాలకు సమాధానం చెప్పవలసిందీ ఈ మంత్రే. 1989లో ఇంట్లోనే హత్యకు గురైన న్యాయవాది పాట్ ఫినుకేన్ కేసులో బహిరంగ విచారణ జరిపిస్తామని 2024 సెప్టెంబరులో సభలో ప్రకటించింది బెన్. అంతకంటే పెద్ద బాధ్యత 1998 నాటి ఉత్తర ఐర్లాండ్ చట్టంలో ఉంది. ఐర్లాండ్‌తో కలవడానికి అక్కడి మెజారిటీ ప్రజలు ఓటు వేసే అవకాశం ఉందని తోచినప్పుడు ప్రజాభిప్రాయ సేకరణకు ఆదేశించవలసింది ఈ పదవిలో ఉన్న మంత్రే. అందువల్ల దీన్ని చిన్న పదవిగా లెక్కించలేం.